పురిటింట్లో కుక్క తిండి మానేసిందా? అది అలక కాదు, ముందు చిగుళ్లు చూడండి

లక్షణం: తల్లీబిడ్డా ఇంటికొచ్చారు. అప్పటిదాకా కాళ్లకు అడ్డంపడే కుక్క మంచం కింద దూరింది. గిన్నె ముట్టడం లేదు.

ఇంటిల్లిపాదీ చెప్పే కారణం: "పాప వచ్చిందిగా, అలిగింది."

అలిగితే అలగనీండి. కానీ ఆ మాట అనేముందు పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా జనం చేయని పని ఇదే. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నల్ల చిగుళ్లయితే కింది కనురెప్ప లోపల చూడండి. తర్వాత మలద్వారంలో థర్మామీటర్ (పాపది కాదు, వేరేది కొనండి). 102.5 ఫారెన్‌హీట్ వరకు కుక్కకు మామూలే, 103 దాటితే జ్వరం. ముక్కు తడిగా ఉందా లేదా అన్నది పరీక్షే కాదు.

అసలు కారణం, చాలాసార్లు: టిక్ ఫీవర్, అంటే పిడుదు కుడితే వచ్చే జ్వరం.

పురిటి హడావిడిలో నెలనెలా మెడమీద వేసే పిడుదుల మందు తప్పిపోతుంది. కుక్కను డాబా మీదో, తెలిసినవాళ్లింట్లోనో వదిలేస్తారు. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం బయటపడుతుంది. అప్పటికి ఉయ్యాల్లో బిడ్డ ఉంటుంది, అందుకే అలక కథ అంత బాగా అతుకుతుంది.

అసలు మోసం ఆ తర్వాత. ఎర్లిషియా అనే బ్యాక్టీరియాతో వచ్చే రకం జ్వరం కొన్ని వారాల్లో మందు లేకుండానే తగ్గినట్టు కనిపించవచ్చు. కుక్క మళ్లీ తింటుంది. "చూశారా, పాపకు అలవాటు పడింది" అని అందరూ సంతోషిస్తారు. రోగం మాత్రం లోపలే ఉంటుంది. నెలల తర్వాత ఏ అర్ధరాత్రో ముక్కులోంచి రక్తం, పొట్టమీద ఎర్రమచ్చలు, తారులాంటి నల్లటి విరేచనం. డెంగీలో లాగే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి.

ఒంటిమీద పిడుదు కనబడలేదు కాబట్టి ఇది కాదు అనుకోకండి. రక్తం తాగాక అది రాలిపోతుంది. చెవి మడతలు, కాలివేళ్ల సందులు, బెల్టు కింద వెతకండి.

పరిష్కారం: అదే రోజు రక్తపరీక్ష. రోగం తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, మోతాదు డాక్టరు చెప్పినంత. రెండు మూడు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, జనం మాత్రలు ఆపేసేదీ అప్పుడే. ఆపొద్దు.

పాప పారాసిటమాల్ చుక్కలు, బాలింత నొప్పి మాత్రలు దానికి వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు, రక్తస్రావం తెస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్రే ప్రాణం తీయగలదు.

పశువుల ఆసుపత్రికి బిడ్డను తీసుకెళ్లొద్దు. కుక్క సంగతులన్నీ తల్లికే తెలుసు కాబట్టి ఆమె చెబుతుంటే కాగితం మీద రాసుకోండి: ఎప్పటినుంచి తినలేదు, జ్వరమెంత, చివరిసారి పిడుదుల మందు ఎప్పుడు వేశారు. ఆ కాగితంతో మామగారు వెళ్లినా పని జరుగుతుంది.

"పాపకు అంటుకుంటుంది, ఎక్కడైనా వదిలేసి రండి" అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. కుక్కను ముట్టుకుంటే ఈ జ్వరం రాదు. పిడుదులు పాపదాకా రాకుండా చూసుకుంటే చాలు. పిడుదుల స్ప్రే పాప గదిలో కొట్టొద్దు. మెడమీద వేసిన మందు ఆరేదాకా కుక్కను దూరంగా ఉంచండి. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ (పిల్లులకు విషమయ్యే పురుగుమందు) ఉన్న మందు అసలు వద్దు.

అరుదైనవి: పొట్ట ఉబ్బి, వాంతి రాక ఓకరిస్తున్న పెద్దజాతి కుక్క; మూత్రం రాక ముక్కుతున్న మగపిల్లి; పాప సాక్సును మింగి వాంతులు చేసుకుంటున్న కుక్క లేదా పిల్లి. వీటికి ఇంట్లో చేసేదేమీ లేదు, బండి తీయండి.

ఇక మందు మళ్లీ తప్పకుండా: పాప టీకాలు 6, 10, 14 వారాలకు, అంటే నాలుగేసి వారాల తేడాతో ఉంటాయి. పిడుదుల మందు తేదీ కూడా ఆ కార్డు వెనకే రాసిపెట్టండి.