ఐవీ లీగ్‌లో స్విమ్మింగ్: కోచ్‌కి నచ్చితే సీటు వచ్చినట్టేనా?

మా అమ్మాయి స్విమ్మింగ్ రిక్రూటింగ్ (కాలేజీ కోచ్‌లు తమ టీమ్‌కి పిల్లల్ని ఎంచుకోవడం) అయిపోయాక న్యూజెర్సీలో మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "కోచ్ సరేనంటే సీటు వచ్చేసినట్టేనా అక్కా?" కాదు. సీటిచ్చేది అడ్మిషన్స్ ఆఫీసు. కోచ్ గట్టిగా సిఫారసు చేయగలరు, అంతవరకే.

ముందు మార్కుల సంగతి చూసుకోండి. ఐవీ లీగ్‌లో, అంటే హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీల్లో, అకడమిక్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది. స్కూలు మార్కులు, శాట్ లేదా ఏసీటీ స్కోరు కలిపి ఒక అంకె కడతారు. రిక్రూట్ చేసిన పిల్లల సగటు మిగతా విద్యార్థుల సగటు కన్నా మరీ కిందికి పోకూడదు. అందుకే మంచి టైమింగ్‌తో పాటు మంచి మార్కులున్న పిల్లంటే కోచ్‌కి అంత ఇష్టం. ఆ పిల్ల వల్ల సగటు పెరిగి, మార్కులు కాస్త తగ్గిన ఇంకో వేగమైన స్విమ్మర్‌కి సీటు అడిగే వీలు దొరుకుతుంది. తొమ్మిదో తరగతి నుంచే కష్టమైన కోర్సులు తీసుకోమని నేను పోరేది ఇందుకే.

పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ వన్ (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి, ఐవీలు ఇందులోనే) కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ మాట్లాడొచ్చు. అంతకుముందు రాసిన మెయిల్‌కి జవాబు రాకపోతే టెన్షన్ పడకండి, రూలే అంత. మెయిల్ మాత్రం పిల్లే రాయాలి, మీరు రాయొద్దు. ఈవెంట్ల వారీగా బెస్ట్ టైమ్‌లు (పూల్ కొలత యార్డులో మీటర్లో స్పష్టంగా), జీపీఏ, శాట్ ఎప్పుడు రాస్తున్నదీ, అంతే చాలు.

పదకొండు పూర్తయ్యాక, ఆ జూలైలో ప్రీ-రీడ్ మొదలవుతుంది. ట్రాన్‌స్క్రిప్టు, స్కోర్లు అడ్మిషన్స్ వాళ్లు ముందుగా చూసి కోచ్‌కి ఒక మాట చెబుతారు. అప్పుడు పిల్ల మొహమాటపడకుండా అడగాలి: "ప్రీ-రీడ్‌లో ఏమన్నారు? మీరు సపోర్ట్ చేసే లిస్టులో నేనున్నానా? లైక్లీ లెటర్ అడుగుతారా?" సీటు దాదాపు ఖాయమని చెప్పే ఆ లెటర్‌ని, అప్లికేషన్ పూర్తిగా అందాక, అక్టోబర్ 1 నుంచి అడ్మిషన్స్ ఆఫీసే పంపుతుంది. అది చేతికొచ్చే వరకు వేరే కాలేజీల కోచ్‌లతో మాటలు ఆపొద్దు.

ఐవీ లీగ్ బయట చూస్తే, ఎంఐటీలో కోచ్ మాటకు ఇంత బలం ఉండదు, అక్కడ చదువుతోనే నెగ్గాలి. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటి చిన్న కాలేజీల్లో ప్రీ-రీడ్ ఉంటుంది, కానీ సాధారణంగా ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేయమంటారు. అంటే సీటొస్తే చేరాల్సిందే. వీటిలో ఎక్కడా స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ లేదు, ఇచ్చేది కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయమే. కాబట్టి కోచ్‌కి మాటిచ్చే ముందే ఆ కాలేజీ వెబ్‌సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ నింపి, ఏడాదికి ఎంత కట్టాలో ఇంట్లో అందరూ కూర్చుని చూసుకోండి.