పెళ్లి చేసుకోకుండా కలిసి బతకాలంటే ముందే తేల్చుకోవాల్సినవి

నిబద్ధతకు చట్టబద్ధమైన పెళ్లి తప్పనిసరా? కాదు. సంతకం పెట్టినంత మాత్రాన మనిషి నిలబడడు, పెట్టనంత మాత్రాన జారిపోడు. కానీ ఇద్దరిలో ఒకరు మాట్లాడలేని రోజంటూ ఒకటి వస్తుంది. స్పృహ తప్పిన రోజు, చనిపోయిన రోజు. పెళ్లయినవాళ్ల తరఫున అప్పుడు చట్టం మాట్లాడుతుంది. కానివాళ్లకు కాగితాలే దిక్కు.

ముందు మాట తేల్చుకోండి. పిల్లలు కావాలా, ఎవరి తల్లిదండ్రులను ఎవరు చూసుకోవాలి, ఒకరికి దూరంగా ఉద్యోగం వస్తే ఏం చేయాలి, ఎవరికెంత అప్పుంది? జవాబులు విడివిడిగా రాసి కాగితాలు మార్చుకోండి. పక్కపక్కన కూర్చుని రాస్తే ఒకరిని చూసి ఇంకొకరు సర్దేస్తారు, అసలు సంగతి బయటికి రాదు. "అప్పుడు చూద్దాంలే" అని రాసిన ప్రతిచోటా గీత గీయండి. రేపు గొడవ మొదలయ్యేది అక్కడే.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇంటి దగ్గర. ఇల్లు ఒకరి పేరున ఉంటుంది, లోన్ వాయిదాలు వాళ్లే కడతారు. సరుకులు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు రెండోవాళ్లవి. నెలకు ఇద్దరికీ అయ్యే ఖర్చు సమానమే. ఏడేళ్లకు విడిపోతే మాత్రం ఒకరికి ఇల్లు, ఇంకొకరికి పాత రసీదులు. అందుకే ఇద్దరి పేరునా రిజిస్టర్ చేయించి, ఎవరి వాటా ఎంత శాతమో రాయించండి. అది కుదరకపోతే వాయిదాలో కొంత రెండోవాళ్లు తమ ఖాతా నుంచే కట్టాలి, అది ఇంట్లో వాటా కోసమేనని ఒప్పందం రాసుకోవాలి. చేతికిచ్చిన నగదుకు ఆధారం ఉండదు.

వీలునామా ఇద్దరూ రాయాలి. ఇంగ్లండులో 20 ఏళ్లు కలిసి ఉన్నా, వీలునామా లేకపోతే భాగస్వామికి ఆస్తి దానంతటదే రాదు, కోర్టుకెక్కాల్సిందే. సాక్షులను ఇద్దరిని పెట్టండి. ఆస్తి దక్కేవాళ్లను సాక్షిగా పెడితే చాలాచోట్ల వాళ్ల వాటా చెల్లదు. బ్యాంకు, బీమా నామినీ పేర్లు కూడా అదే రోజు మార్చండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

వైద్య నిర్ణయాల అధికారం భాగస్వామికి ఇస్తూ పత్రం రాసి, దాని ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అర్ధరాత్రి బీరువా వెతుక్కునే టైముండదు.

చట్టం దేశానికో తీరు. ఫ్రాన్సులో 1999 నుంచి పెళ్లికి బదులు 'పాక్స్' ఒప్పందం నమోదు చేసుకోవచ్చు. కొన్ని దేశాల్లో సహజీవనమే నేరం. దేశం మారేముందు అక్కడి లాయరుకు ఈ పత్రాలన్నీ చూపించండి. తర్వాత ఎప్పుడైనా పెళ్లి చేసుకున్నా మళ్లీ చూపించాలి. పెళ్లితో పాత వీలునామా రద్దయ్యే దేశాలూ ఉన్నాయి.