నర్వ్ బ్లాక్‌కు వెళ్తున్నారా? ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి

పెయిన్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నడుము దగ్గర మొదలై పిక్క దాకా కాలు లాగేస్తోందని వచ్చేవాళ్లే మా దగ్గర ఎక్కువ. డాక్టరుగారు ‘నర్వ్ బ్లాక్’ ఇంజెక్షన్ అనగానే చాలామంది నన్ను పక్కకు పిలిచి అడుగుతారు: "సిస్టర్, నరంలోకి సూది దింపితే కాలు పడిపోదా?"

సూదిని నరంలోకి దింపరు. వెన్నులోంచి నరం బయటికొచ్చే చోట, దాని పక్కన మందు వదులుతారు. సూది మొన ఎక్కడుందో సి-ఆర్మ్ ఎక్స్‌రే మిషన్ తెర మీద చూస్తూ చేస్తారు. ఎక్స్‌రేలో కనిపించే డై కొంచెం వేసి, అది నరం వెంట పాకిందని చూశాకే మందు ఎక్కిస్తారు. మామూలుగా రెండు మందులు కలుపుతారు. ఒకటి లిగ్నోకైన్ లేదా బుపివకైన్ అనే మత్తుమందు. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చేది కూడా ఈ రకమే. రెండోది స్టెరాయిడ్, నరం చుట్టూ వాపు తగ్గడానికి. మత్తుమందు నిమిషాల్లో పనిచేసి కొన్ని గంటల్లో దిగిపోతుంది. స్టెరాయిడ్ గుణం తెలియడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే, "సాయంత్రం దాకా హాయిగా ఉంది, రాత్రికి మళ్లీ మొదలైంది, డబ్బులు దండగ" అని కుంగిపోతారు. దండగ కాలేదు. ఆ కొద్ది గంటల ఉపశమనమే డాక్టరుకు చాలా విషయం చెబుతుంది.

అందుకే కాగితం. ఇంజెక్షన్‌కు ముందే, మీకు నొప్పి తెప్పించే పని ఒకటి చేసి చూడండి. మెట్లెక్కడమో, వంగి చెప్పులేసుకోవడమో, కాసేపు కింద కూర్చోవడమో. నొప్పి పదికి ఎంతో రాయండి. ఇంజెక్షన్ అయ్యాక మొద్దుబారడం తగ్గి కాలు నిలకడగా ఆనుతోందనుకున్నప్పుడు, పక్కన మనిషిని పెట్టుకుని అదే పని మళ్లీ చేయండి. నిద్రపోయే దాకా గంటగంటకూ రాయండి. నడుముకు వేరుగా, కాలుకు వేరుగా. పెద్దవాళ్లకు ఈ పదికి ఎంత అన్నది ఎక్కదు. వాళ్లను నేను "రూపాయిలో ఎంత తగ్గిందమ్మా?" అని అడుగుతాను. "ముప్పావలా తగ్గింది" అని ఠక్కున చెప్తారు. అదే రాయండి, చాలు. ఆ రోజంతా మంచం మీదే పడుకుంటే మాత్రం తగ్గిందో లేదో ఎవరికీ తెలియదు. అలాగని గ్యాస్ బండ ఎత్తకండి.

మొదటి గంటల్లో బాగా తగ్గిందంటే నొప్పి చాలావరకు ఆ నరం దగ్గరే పుడుతోందని అర్థం. కాలు మొద్దుబారినా నొప్పి కాస్తయినా తగ్గలేదంటే, మూలం వేరే చోట వెతకాలి. వెన్నుపూసల మధ్య ఉండే చిన్న కీళ్ల నొప్పికి ఇచ్చే బ్లాక్‌లో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ చాలాసార్లు మొదట మత్తుమందుతో పరీక్షే చేస్తారు. నొప్పి గట్టిగా తగ్గితేనే రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్సకు వెళ్తారు. అందులో సుమారు 80 డిగ్రీల వేడితో, నొప్పి కబురు మోసే సన్నని నరాన్ని పనిచేయకుండా చేస్తారు. ఆ నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఉపశమనం సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంటుంది. మీరు రాసిన కాగితాన్ని బట్టే ఆ నిర్ణయం జరుగుతుంది. పొద్దున వేసుకునే నొప్పి మాత్ర కూడా లెక్క తప్పిస్తుంది. ఆ రోజు వేసుకోవాలా వద్దా అని ముందే అడగండి.

ఇక దాచకుండా చెప్పాల్సినవి. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ లాంటివో, మరే కారణానికో రక్తం పలచబడే మాత్రలో వాడుతుంటే మొదటి రోజే చెప్పండి. వెన్నులో రక్తం కారి నరాలను నొక్కితే ప్రమాదం. మీ అంతట మీరు ఆపేసినా ప్రమాదమే, స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆపాలా, ఎన్ని రోజులన్నది గుండె డాక్టరు, పెయిన్ డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. షుగరున్నవాళ్లకు స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఇంట్లో మిషన్‌తో రోజూ చూసుకోండి, ఎక్కువుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. జ్వరం, నడుం మీద సెగ్గడ్డ, మందులు పడకపోవడం, గర్భం ఉండే అవకాశం, ఇవన్నీ చెప్పాలి. ఎమ్మారై రిపోర్టుతోపాటు ఫిల్ములు కూడా తేండి. ఏమీ తినకుండా రావాలా అన్నది కూడా ముందే కనుక్కోండి.

బోర్లా పడుకోబెట్టి ముందు చర్మానికి మత్తిస్తారు. చురుక్కుమంటుంది. తర్వాత మందు వెళ్తున్నప్పుడు మీ పాత నొప్పి దారిలోనే బరువుగా అనిపించవచ్చు. కరెంటు షాకులా కొడితే కదలకుండా నోటితో చెప్పండి. తర్వాత కాసేపు మా దగ్గరే ఉంచుతాం. కాలు తేలిపోతున్నట్టుంటుంది కాబట్టి ఒంటరిగా మంచం దిగొద్దు, ఆ రోజు బండి నడపొద్దు.

నొప్పి తగ్గిన రోజుల్లోనే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. వ్యాయామం చేయగలిగే అవకాశం దొరకడమే ఈ ఇంజెక్షన్ వల్ల పెద్ద లాభం, దాన్ని ఊరికే పోనివ్వొద్దని నేను అందరినీ బతిమాలుతాను.

చలిజ్వరం వచ్చినా, కాలు బలం రోజురోజుకూ తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి రండి. లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి వచ్చి, పడుకుంటే తగ్గుతుంటే ఆ రోజే ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఏ రోజు, ఏ మందు ఇచ్చారో రాసిన చీటీ చేతిలో ఉంచుకోండి.