డిసెంబర్ రాకముందే: పనిచోట క్రీస్తు సాక్ష్యం చెప్పేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

దసరా నుంచి కొత్త సంవత్సరం దాకా మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ పనిచోట చూసినా పండుగలే. ఆయుధపూజ నాడు మిషన్లకు పసుపు కుంకుమ, ఆఫీసు ఆవరణలో బతుకమ్మ, కురుమూర్తి జాతరకు సెలవులు, కార్తీకం వస్తే నల్లబట్టల అయ్యప్పస్వాములు. వాళ్ల దీక్షలు నడుస్తుండగానే మన సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. క్రైస్తవ ఉద్యోగి నోరు జారేదీ, మాట్లాడాల్సిన చోట భయపడి ఊరుకునేదీ ఈ నెలల్లోనే.

ముందు ప్రసాదం సంగతి. తినొచ్చా తినకూడదా అన్నది పౌలు కొరింథీయులకు రాసిన రోజుల నుంచీ ఉన్న ప్రశ్నే, ఎవరి మనస్సాక్షి వాళ్లది. వద్దనుకుంటే చేతులు జోడించి "నేను తీసుకోనన్నా, ఏమనుకోకు" అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. తీసుకుని చెత్తబుట్టలో వేయడం, విగ్రహాల మీద జోకులు, "అది దయ్యాలకు పెట్టింది" అనడం మాత్రం వద్దే వద్దు. మర్యాద సంగతి పక్కన పెట్టినా, ఎదుటివాడి మతభావాలను కావాలని గాయపరిచే మాటకు భారతీయ న్యాయ సంహిత 302 కింద ఏడాది దాకా, దురుద్దేశంతో ఒక మతాన్నే అవమానిస్తే 299 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయ్యప్ప మాలలో ఉన్నాయనను అందరిలాగే "స్వామీ" అని పిలిస్తే మన విశ్వాసానికి వచ్చే నష్టం నాకైతే కనబడదు. మనసొప్పకపోతే "అన్నా" అనండి. మనం పంచే కేకు విషయంలోనూ అంతే. దీక్షలో ఉన్నవాళ్లు గుడ్డు ముట్టరు కాబట్టి వాళ్లకు పండ్లు తీసుకెళ్లండి.

ఇక మాట్లాడే హక్కు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం దాని హద్దులు. ప్రచారం అంటే తన మతం గురించి వివరించి చెప్పడమే గానీ ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చెప్పేదీ, అడిగినవానికి సాత్వికంతో, భయంతో జవాబివ్వమనే. "మీ చర్చిల ఏం జేస్తరన్నా?" అని టీ తాగుతూ అడిగితే నిజం చెప్పండి, టీ అయిపోయేలోపు ముగించండి. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పొచ్చు. అడగకుండానే టేబుళ్ల మీద కరపత్రాలు పెట్టిపోయేవాళ్లను చూస్తే నాకు విసుగు.

అసలు ప్రమాదం మన చెయ్యి పైన ఉన్న చోట. జడ్చర్లలో మెనోనైట్ బ్రెదరెన్ ఆస్పత్రికి వచ్చేవాళ్లు అది మిషన్ దవాఖాన అని తెలిసే వస్తారు. సర్కారు దవాఖాన అలాంటిది కాదు. అక్కడ మంచం మీదున్న మనిషి నర్సమ్మకు ఎదురు చెప్పలేడు. రోగే అడిగితే, ఇంటివాళ్ల ఎదుట, మెల్లగా, నాలుగు మాటల్లో ప్రార్థించండి. "గోలీలు ఆపెయ్" అనే మాట కలలో కూడా రాకూడదు. సర్కారు బడిలో పంతులుకు ఇంకా గట్టి హద్దు ఉంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ 28వ అధికరణం ప్రకారమే కుదరదు. పోలేపల్లి కంపెనీల్లోనైనా, మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లోనైనా సూపర్‌వైజర్ కాంట్రాక్టు కూలీని ఆదివారం చర్చికి రమ్మంటే అది పిలుపులా వినబడదు, హుకుంలా వినబడుతుంది. చేబదులిచ్చిన మనిషిని బాకీ తీరేదాకా ప్రార్థనకు పిలవకండి. మతం మారమని ఆశపెట్టారన్న మాట పుట్టేది సరిగ్గా అక్కడే.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో బైబిల్ వాక్యాలు పెట్టొద్దు. స్టేటస్ మీ సొంతమే, కానీ స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు.

చర్చిలో పెద్దలు ఎత్తడానికి జంకే విషయం ఒకటుంది, కులం సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, ఎస్సీ హోదాను హిందువులు, సిక్కులు, బౌద్ధులకే పరిమితం చేసింది. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి కేసులో, క్రైస్తవ ఆచారంలో ఉంటూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ కోరిన మహిళకు సుప్రీంకోర్టు దాన్ని నిరాకరించింది. ఈ నియమం అన్యాయమని వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఎస్సీ కోటా ఉద్యోగంలో ఉండి బాప్తిస్మం ఫొటోలు పంచుకునే తమ్ముళ్లు ముందుగా మంచి వకీలును కలవాలి. కాగితం ఒకటి, బతుకు ఒకటి అయితే మన సాక్ష్యం కూడా నిలవదు.

సెలవుల సంగతి నవంబర్‌లోనే తేల్చుకోండి. ప్రభుత్వ ఉద్యోగులకు డిసెంబర్ 25తో పాటు 26 కూడా సెలవే. షిఫ్టుల్లో ఉన్నవాళ్లు సద్దుల బతుకమ్మ నాడు, రంజాన్ నాడు తోటివాళ్ల డ్యూటీ చేసి పెడితే క్రిస్మస్ నాడు వాళ్లే మన డ్యూటీకి నిలబడతారు. ఉపవాస ప్రార్థనకని గంట ముందే జారుకునేవాడి సువార్త ఆ సెక్షన్‌లో ఎవరూ వినరు.

ఇంత చేసినా ఫిర్యాదు వస్తే పాస్టరు అయ్యగారినీ సంఘాన్నీ వెంటేసుకుని గేటు దగ్గరికి పోకండి. ఫిర్యాదు కాపీ అడగండి, జరిగింది జరిగినట్టు రాసి మీ పై అధికారికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఫేస్‌బుక్‌లో ఒక్క ముక్క పెట్టొద్దు. మనుషులు గుంపుగా వచ్చి బెదిరిస్తే వాదనకు దిగకుండా 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.