నీటిలోకి దిగే ముందు: జలచరాలపై పనిచేసేవారికి జాగ్రత్తలు

జలచరాల సంరక్షణను వృత్తిగా ఎంచుకున్న జీవశాస్త్రవేత్తలు తొలి వానాకాలపు సర్వేకు సిద్ధమయ్యేటప్పుడు పాముల గురించి, వరద గురించి తప్పక ఆలోచిస్తారు. అయితే ఒక కుంటలోని రోగాన్ని మరో కుంటకు మోసుకుపోయేవి తమ బూట్లే కావచ్చునన్న సంగతిని అంతకంటే ముందు గుర్తుంచుకోవాలి. కప్పల చర్మానికి సోకే చిట్రిడ్ శిలీంధ్రాన్ని 1999లో వర్ణించి పేరు పెట్టారు. ఈ రకం శిలీంధ్రాల వల్ల 501 ఉభయచర జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించిపోయి ఉండవచ్చనీ 2019లో ఒక అంచనా వెలువడింది. కప్ప ఒంట్లోని నీరు, లవణాలు చర్మం ద్వారానే సమతూకంలో ఉంటాయి గనుక, ఆ చర్మం దెబ్బతింటే చివరకు గుండె ఆగిపోతుంది.

అందుచేత ఒక చోట పని ముగియగానే బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న బురదను, వల ముడుల్లో చిక్కుకున్న నాచును బ్రష్షుతో పూర్తిగా తీసివేసి, ఆ తరువాతే బ్లీచు ద్రావణంలో నానబెట్టాలి. ఈ వరుస తప్పకూడదు. మట్టి ఉండగా ముంచితే బ్లీచు బలం ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది. ఆపైన మంచినీటితో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, కడిగిన నీటిని గట్టుకు దూరంగా పారబోయాలి. అలసిపోయిన సాయంత్రం ఈ పని ఓపికగా చేయడం ఎంత కష్టమో దిగినవారికే తెలుస్తుంది. వీలైతే ఒక్కో చోటికి వేరే బూట్లు, వేరే వల ముందే సమకూర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

కప్పను పట్టుకునే ప్రతిసారీ పొడి పూయని కొత్త గ్లవ్స్‌ను నీటితో తడిపి వేసుకోవాలి. దోమల మందు రాసుకున్న చేతులతో దానిని అసలు తాకకూడదు.

ఇక మన ప్రాణం సంగతి. నడుము దాటే వేడర్లు (నీటిలో నడవడానికి తొడిగే, నీరు చొరని బూటు-ప్యాంటు) తొడిగితే బెల్టు బిగించాలి. పడిపోయినప్పుడు లోపలికి నీరు వేగంగా చేరకుండా అడ్డుకునేది అదే. లైఫ్ జాకెట్ లేకుండా గానీ, ఒంటరిగా గానీ దిగకూడదు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు చర్మంపై గీసుకున్న చిన్న గాట్ల గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది కనుక, గాయాలకు నీరు చొరని పట్టీ వేయాలి. లక్షణాలు బయటపడడానికి నెల వరకూ పట్టవచ్చు. సర్వే ముగిసిన కొన్ని వారాలకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపించినా, ఏ నీటిలో ఎప్పుడు దిగారో వైద్యునికి తప్పక చెప్పాలి.