పాత కారు బంపర్ కుదురుగా కూర్చోవట్లేదా? ముందు దాని వెనక చూడండి

బంపర్ ఒక పక్కకి జారితే మనం మొదట చేసే పని అరచేత్తో గట్టిగా ఒక్కటి చరచడం. టక్కుమని కూర్చుంటుంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే వరస. నా పాత బండికి రెండు నెలలు ఇలాగే చరిచాను, మధ్యలో ఓ ప్లాస్టిక్ టై కూడా బిగించాను. చివరికి విప్పి చూస్తే బంపర్‌ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్‌లో బోల్టు దూరే రంధ్రాన్ని తుప్పు తినేసింది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగిపోయింది. పాపం, బంపర్‌కి ఏ రోగమూ లేదు. పాత కార్లలో బంపర్ పక్కన తేలే సందు గొడవ, తుప్పు గొడవ చాలాసార్లు ఒకటే. అందుకే పైపైన సర్దకుండా ఒకసారి విప్పి చూడమంటాను.

విప్పేముందు ఫాగ్ ల్యాంపుల వైర్లు, పార్కింగ్ సెన్సర్ల వైర్లు ఎక్కడున్నాయో వెతకండి. చాలామంది వాటిని తెంపేది బంపర్ లాగేటప్పుడే. ఎయిర్‌బ్యాగులున్న బండైతే ఢీకొట్టడాన్ని పసిగట్టే సెన్సర్లు ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. కాబట్టి ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి.

ఒక పక్క మాత్రమే సందు, చేత్తో నొక్కితే లోపలికి పోతుంది

ప్లాస్టిక్ బంపర్లలో మొదటి అనుమానం పక్క బ్రాకెట్ మీదే. ఫెండర్ (ముందు చక్రం పైన కప్పే రేకు) అంచు కింద స్క్రూలతో బిగించిన సన్నటి ప్లాస్టిక్ పట్టీ అది. బంపర్ చివర దాని పళ్లలోకి వెళ్లి పట్టుకుంటుంది. ఒక్క చిన్న గుద్దుకే ఆ పళ్లు విరుగుతాయి. ఆ పట్టీ ఒక్కటీ మారిస్తే సరిపోతుంది, బంపర్ మార్చక్కర్లేదు. చక్రం పైన లోపలివైపు ఉండే లైనర్ (బురద ఆపే తొడుగు) స్క్రూలు, కింది క్లిప్పులు ఊడిపోయాయేమో కూడా చూడండి. అవి లేకపోతే గాలికి బంపర్ అంచు కొట్టుకుంటూనే ఉంటుంది.

విరిగింది బంపర్ సొంత కొక్కెమే అయితే, లోపలివైపు అచ్చుపోసిన అక్షరాలు చదవండి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపైలీన్. మామూలు జిగుర్లు దానికి అంటుకోవు, అంటుకున్నట్టు నటిస్తాయంతే. అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయించాలి, లేదా వేడి పిన్నులు దింపి అతికించాలి. అంచు వంకర తిరిగితే లోపలివైపు నుంచి వేడి నీళ్లు పోసి, మెత్తబడ్డాక సరైన ఆకారంలో పట్టుకుని, చల్లారేదాకా వదలకండి. చల్లగా ఉన్నప్పుడు వంచబోతే ఫట్‌మంటుంది.

ఒక పక్క బయటికి, రెండో పక్క లోపలికి

ఇక్కడ తొందరపడితే పని పాడవుతుంది. ముందు బానెట్‌కీ ఫెండర్లకీ మధ్య సందు చూడండి. అది కూడా ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు బంపర్‌ది కాదు. ఫెండరో, హెడ్‌లైటో, రేడియేటర్‌ని పట్టుకునే ఫ్రేమో పక్కకి జరిగింది. దాన్ని సరిచేయకుండా బంపర్‌తో కుస్తీ పట్టడం దండగ. బానెట్ సందు సమానంగా ఉంటే బంపర్ తీసి, రెండు వైపులా ఒకేలాంటి బోల్టు రంధ్రాల నుంచి వెనకున్న అడ్డ కమ్మీ కొసల దాకా టేపుతో కొలవండి. తేడా వస్తే కమ్మీగానీ బ్రాకెట్‌గానీ వంగిందన్నమాట. ఢీకొన్నప్పుడు దెబ్బ తీసుకునేది ఆ కమ్మీయే. దాన్ని సుత్తితో తిన్నగా చేయొద్దు, మార్చేయండి. ఛాసిస్ కొసే వంగితే మాత్రం ఇంట్లో తేలే పని కాదు, షెడ్డుకి ఇచ్చేయండి.

తిరిగి బిగించేటప్పుడు అన్ని బోల్టులూ చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించి వదిలేయండి. మధ్య భాగం సరిచూసి, తర్వాత పక్కలకి వెళ్లండి. రెండు వైపులా ఒకే మందం అట్టముక్క సందులో పెట్టి, అప్పుడు కొద్దికొద్దిగా బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకి వెళ్తే బంపర్ అటే లాగేస్తుంది. స్టీలు బంపరైతే బ్రాకెట్ వెనక ఉన్న పలచటి రేకు వాషర్లని పారేయకండి. సందు సర్దడానికే వాటిని అక్కడ పెట్టారు. ప్లాస్టిక్ బంపర్‌కి అసలు సందే లేకుండా అతికించకండి, ఎండకి సాగుతుంది.

బంపర్ అంచు వెంట ఫెండర్ మీద పెయింట్ ఉబ్బుతోంది

సందు లేకుండా రాసుకున్న బంపర్ చేసే పనే ఇది. మధ్యలో ఇసుక చేరి, కుదుపుకి కుదుపుకి పెయింటు అరిగి, రేకు బయటపడుతుంది. ఉబ్బిన చోట గోరుతో గీకితే ఎర్ర పొడి రాలుతుంది. కనిపించిన మచ్చ కంటే పెయింటు కింద తుప్పు ఎక్కువ దూరం పాకి ఉంటుంది కాబట్టి మెరిసే రేకు వచ్చేదాకా ఎమరీ కాగితంతో రుద్దండి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, లప్పం అవసరమైతే దాని మీద. ఉత్త రేకు మీద నేరుగా లప్పం పెడితే అది తేమ పీల్చుకుని లోపల మళ్లీ తుప్పు పెంచుతుంది. పెయింట్ వేశాక చివర్లో రాసుకునే చోట పారదర్శక ఫిల్మ్ ముక్క అంటించండి.

బోల్టు కదలనంటోంది

తుప్పు తను తినేసిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల్లో ఇరుక్కుని నొక్కుతున్నది అదే. వైర్ బ్రష్‌తో బయటి మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది బోల్టు తలని గుండ్రం చేసేస్తుంది. ముందు ఒక్క పిసరు బిగించి, ఆ తర్వాత విప్పండి. ‘కిర్ర్’మని చిన్న చప్పుడొస్తే గెలిచినట్టే. కదిలాక ఒకే ఊపున తిప్పకండి. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ నూనె పోయండి. బోల్టు ‘మెత్తగా’ తిరుగుతుంటే ఆగిపోండి, అది విడిపోవడం కాదు, తెగబోతోంది. బోల్టుని వేడి చేయడానికి మంట పెట్టాలనుకుంటే ప్లాస్టిక్, వైర్లు, పోసిన నూనె ఏదీ దగ్గర ఉండకూడదు.

కమ్మీ, బ్రాకెట్ల తుప్పు

స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. గీత పడి ఆగితే పైతుప్పే. పెచ్చులు ఊడినా మొన లోపలికి దిగినా బ్రాకెట్ మార్చాల్సిందే, కొత్త రేకు అతికించినా నమ్మొద్దు. పైతుప్పైతే వదులు పొరంతా బ్రష్‌తో రాల్చి, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూయండి, నల్లబడుతుంది. అది పెచ్చుల మీద పనిచేయదు, పెచ్చులతో పాటే ఊడొస్తుంది. తర్వాత ప్రైమర్, పెయింట్, లోపలి బోలు భాగంలో మైనం స్ప్రే. కమ్మీ కింద నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో చూడండి. నా బ్రాకెట్ పోయింది అందుకే, ఎండు బురద తీస్తే గుప్పెడు వచ్చింది.

క్రోమ్ బంపర్ మీద ఎర్ర చుక్కలు

అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. చుక్కలు పోతాయి గానీ సూదిమొనంత గుంటలు మిగులుతాయి, అక్కడ పూత కింది స్టీలు దాకా పోయింది. మైనం పూస్తూ ఉంటే కొంతకాలం ఆగుతుంది, మళ్లీ పూత వేయిస్తేనే పూర్తిగా పోతుంది. ఆ ఖర్చుకి ముందు బంపర్ తిప్పి వెనక వైపు చూడండి. అటు క్రోమ్ పలచన, బురద ఎక్కువ. ముందు మెరుస్తూనే వెనక రేకు జల్లెడైన బంపర్లు చాలానే ఉంటాయి, అలాంటిదాన్ని పూత వేయడానికి పంపకండి.