మరక ఏ ద్రవానిదో ఆర్‌ఎన్‌ఏతో తేల్చే విధానం

మరక ఎవరిదో డీఎన్‌ఏ చెబుతుంది. అది గాయపు రక్తమా, నెలసరి రక్తమా అన్నది, కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపే ఆర్‌ఎన్‌ఏ తేలుస్తుంది, బాధితురాలి మాటకు ఈ తేడాయే బలం కావచ్చు.

పర్లాకిమిడిలో శ్రావణమాసపు ముసురు పట్టినప్పుడు తడి చీరను ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది గనుక, చేతితొడుగులు వేసుకుని, గుడ్డను నీడలో పూర్తిగా ఆరనిచ్చి, కాగితపు కవరులో సీలు వేయాలి.

ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏను వెలికితీసి, అందులో మిగిలిన డీఎన్‌ఏను దాన్ని ముక్కలు చేసే ఎంజైము డీఎన్‌ఏజ్‌తో తొలగించి, ఆర్‌ఎన్‌ఏను రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో సీడీఎన్‌ఏగా, అంటే దాని డీఎన్‌ఏ ప్రతిగా మార్చి, ఆ ప్రతిని పీసీఆర్‌తో అనేక రెట్లు పెంచి చూడాలి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని నమూనాను పక్కనే నడపడం నా దృష్టిలో తప్పనిసరి. అందులోనూ సంకేతం వస్తే అది ఆర్‌ఎన్‌ఏది కాదు, ఫలితాన్ని నమ్మరాదు.

జన్యువుల్లో హెచ్‌బీబీ రక్తానికీ, ఎంఎంపీ10 నెలసరి రక్తానికీ, హెచ్‌టీఎన్3 లాలాజలానికీ గుర్తులు. వీర్యానికి శుక్రకణాల గుర్తు పీఆర్‌ఎం1 ఒక్కటే చూస్తే చాలదు. వేసెక్టమీ అయినవారి వీర్యంలో శుక్రకణాలు ఉండవు కాబట్టి వీర్యద్రవపు గుర్తు ఎస్‌ఈఎంజీ1 కూడా చూడాలి.